సేవయు, దాని లెక్కయు

అమెరికాలో వైద్యవిద్య నభ్యసింపగోరువారు, అనేక కళాశాలలకు ఉమ్మడిగా నున్న దరఖాస్తునందు 15 అనుభవములవరకు పేర్కొనవచ్చును. ఒక్కొక్కదానికి వెచ్చించిన గంటలను తెలుపవలెను. మిక్కిలి అర్థవంతములైనవిగా 3 వరకు గుర్తింపవచ్చును. చేసిన మేలు చెప్పుకొనరాదని పెద్దల మాట. మరి సేవాభావముగల విద్యార్థి యేమి చేయవలెను?

అడిగినవారికి సత్యము చెప్పుట దోషము కాదు. చెప్పుకొనుటకై చేయుటయే దోషము. పట్టికకొరకు రోగిప్రక్కన కూర్చున్నవాని చూపు గడియారముపై నుండును. రోగికొరకు కూర్చున్నవాడు కాలము నెరుగడు. గీత ఫలాసక్తిని విడువుమన్నదే గాని, కర్మను దాచుమనలేదు.

కావున తన్ను గొప్పవానిగా జూపు అనుభవమును గాక, తన యహంకారమును తగ్గించినదానిని ఎన్నుకొనుట మేలు. ఒక వృద్ధురాలికి నీళ్లందించి, ఆమె బాధ వినుచు, తనకు తెలియనిదెంతయో గ్రహించిన ఒక్క సాయంకాలము పెద్ద బహుమానముకంటె విలువైనది కావచ్చును. శ్రీరామకృష్ణులు జీవులపై దయ యనక, శివభావముతో జీవసేవ యనిరి. ఆ దృష్టిలో సేవ నందుకొన్నవారే ఉపకారులు. అట్టి కృతజ్ఞతతో వ్రాసిన వాక్యమున ఆత్మస్తుతికి తావుండదు.

ఎంపిక చేయువారు దానిని మెచ్చకపోవచ్చును, సీటు దక్కకపోవచ్చును. అయినను, తాను వైద్యుడు కాగోరుట యెందులకో వ్రాసినవానికి తెలియును. ఆ యెరుక యే రోగిచెంతనైనను వానిని విడువదు.