బడి కమిటీకి నిలబడవచ్చునా?

2024 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లోని ప్రభుత్వ బడుల యాజమాన్య కమిటీలకు ఎన్నికలు జరిగాయి. అంతకు ముందటి ఆదివారం, పూజ ముగిశాక, ఒక తల్లి గుడి మెట్ల దగ్గర నన్ను ఆపింది. కూలికి వెళ్ళే మనిషి. కూతురు ఊరి బడిలో ఐదో తరగతి. "ఫాదరుగారూ, నన్ను కమిటీకి నిలబడమంటున్నారండీ. మా ఆయన మనకెందుకంటాడు. పదవి కోరుకోవడం పాపమాండీ?" అని అడిగింది. మరో ఊళ్ళో పూజకు వేళ మించిపోతోంది. "ప్రార్థన చేసుకోమ్మా" అనేసి బండెక్కాను. జవాబు చెప్పకుండా తప్పించుకున్నానని సగం దారిలో గాని తట్టలేదు.

ఈ ప్రశ్న పాతదే. మేత్రాణి పదవిని కోరుకోవచ్చునా అని పునీత తోమాసు అక్వినాసుగారు చర్చించారు. పదవిలో మూడున్నాయంటారు ఆయన: పొరుగువారికి మేలుచేసే పని, ఎత్తయిన స్థానం, దాని వెంట వచ్చే గౌరవమూ సంపదా. చివరిదాన్ని కోరితే దురాశ. రెండవదాన్ని కోరితే అహంకారం. మొదటిదాన్ని కోరడం మెచ్చుకోదగినదే. అయితే స్థానం కూడా దానితోపాటే వస్తుంది గనుక జాగ్రత్త అవసరం. ఆ వెంటనే మరో మాట కూడా అంటారు. పైవారు అప్పగించిన బాధ్యతను మొండిగా నిరాకరించడం ప్రేమకే కాదు, వినయానికి కూడా విరుద్ధమట! మనం వినయమనుకునేది ఒక్కోసారి వినయం కాదన్నమాట.

ఇక ఈ కమిటీ పదవిలో ఎత్తెంత? 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం సభ్యుల్లో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేక సంరక్షకులే ఉండాలి. సగంమంది స్త్రీలు కావాలి. బడి నడిచే తీరు చూడడం, అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, నిధుల ఖర్చు కనిపెట్టడం వారి పని. జీతం లేదు. మీటింగు పగటిపూట పెడితే ఆ రోజు కూలి పోయినట్టే.

మరునాడు సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. భర్త నులకమంచం వాల్చాడు. న్యాయాధిపతుల గ్రంథం 9వ అధ్యాయంలో యోతాము చెప్పిన చెట్ల కథ వాళ్ళకు చెప్పాను. రాజువు కమ్మంటే ఒలీవ కాదంది, అత్తి కాదంది, ద్రాక్ష కాదంది. చివరికి ముండ్లపొద ఒప్పుకుంది. నా నీడకు రండి అని పిలిచింది కూడా! ముండ్లపొదకేం నీడ? ఆ పొదను చూసి మనమంతా నవ్వుతాం గాని, ఒలీవను ఎవరూ తప్పుపట్టరు. దాని నూనె మంచిదే, సాకూ మంచిదే. అయితే కూలి పోతే పొయ్యి వెలగని ఇల్లాలు వద్దంటే ఆమెను ఒలీవతో పోల్చకూడదు. అన్నీ ఉండి "మనకెందుకు" అనేవారికే ఆ కథ తగులుతుంది.

భర్త భయం వేరే ఉంది. "ఈమె నీళ్ళ గురించి అడిగితే మా పిల్లమీద కక్షగడతారు. పైగా క్రైస్తవులు కమిటీలో దూరారంటారు" అన్నాడు. ఆ బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డికి నీళ్ళు లేవు. పిల్లలు మధ్యాహ్నం దాకా మంచినీళ్ళు తాగకుండా ఓర్చుకుంటున్నారు. అతని భయం ఉత్తదని నేననలేదు, అనలేను. కమిటీలో ఆమె మన విచారణ తరఫు మనిషి కాదని మాత్రం చెప్పాను. తన పిల్లకు నీళ్ళు వస్తే చాలుననుకుంటే నిలబడొద్దన్నాను. అందరి పిల్లలకోసమైతే నిలబడమన్నాను.

మన కాన్వెంటు ఉండగా ఆమె బిడ్డ అక్కడెందుకు చదువుతోందో ఎవరూ నన్నడగలేదు. ఫీజు కట్టలేక. ఆ సంగతి మరోసారి రాస్తాను.

ఆమె సభ్యురాలయింది, చైర్మన్‌గా వేరొకరు వచ్చారు. చదువు కూడబలుక్కుని చదివేటంత. జమాఖర్చుల పుస్తకం చూడడం నేర్పించమని అడిగింది. మన విచారణలోని రిటైరైన మాస్టారొకరు సాయంత్రాలు నేర్పడానికి ఒప్పుకున్నారు.