విత్తనం ఎవరిది?

మా మేనల్లుడు సెలవులకు హోసూరు వచ్చి, నా కంప్యూటరులో డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ అనే ఆట ఎక్కించి వెళ్లాడు. అమెరికాలో టార్న్ ఆడమ్స్, జాక్ ఆడమ్స్ అనే అన్నదమ్ములు చేసిన ఆట అది. 2006లో ఉచితంగా బయటపెట్టారు. బొమ్మలు చేర్చి వెలకు అమ్మింది 2022లో. మరుగుజ్జులచేత కోట కట్టించాలట. నేనింతవరకు ఒక్క కోటా కట్టలేదు. దానికి ముందు జరిగే పని దగ్గరే ఆగిపోయాను.

ముందు లోకాన్ని పుట్టించాలి. ఎంత పెద్దది, ఎన్నేళ్ల చరిత్ర, ఎన్ని రాజ్యాలు, ఎన్ని మృగాలు, ప్రకృతిలో క్రూరత్వం ఎంత, ఖనిజాలెంత - అప్పు దరఖాస్తు నింపినట్లే. ఆపైన కొండలు లేస్తాయి, నదులు పారతాయి, ఏళ్లు గిర్రున తిరుగుతాయి. మన లెక్కకు కుదరని లోకాల్ని యంత్రమే కొట్టివేసి మళ్లీ మొదలుపెడుతుంది. ఎన్ని కొట్టివేసిందో అంకె కూడా చూపిస్తుంది. దరఖాస్తులు తిప్పి పంపడం అలవాటైన నాకే ఆ అంకె చూస్తే ఎలాగో అయింది.

రాజ్యాలు, మృగాలు, క్రూరత్వం అన్నీ 'ఎక్కువ' పెట్టాను. చప్పటి లోకంలో చదవడానికేముంటుంది? 250వ ఏట ఆపి చరిత్ర తెరిచాను. ఒక్కొక్కరికీ ఒక ఖాతా. ఒక మరుగుజ్జు పిల్లను పసితనంలో గాబ్లిన్లు ఎత్తుకుపోయారు. అక్కడే పెరిగింది, పెళ్లాడింది, పిల్లల్ని కంది. పుట్టిన ఊరి మీదికి వెళ్లిన దండులో చచ్చిపోయింది. ఆమె పేరు మాత్రం చివరిదాకా పుట్టిన భాషలోనే ఉంది. పిల్లల పేర్లు గాబ్లిన్ల భాషలో. (హోసూరులో ఉండే మనకు ఇది వేరే చెప్పాలా?)

బ్రహ్మసూత్రాల్లో సృష్టి లీల అని చెప్పిన వెంటనే ఆక్షేపణ వస్తుంది: అలాగైతే దేవుడికి పక్షపాతం, నిర్దయ అంటవా? అంటవు, ప్రాణుల కర్మను బట్టే సృష్టి అని జవాబు. శంకరులు వానను పోలిక తెచ్చారు. వాన అందరికీ ఒకటే. వరి వరిగా, యవలు యవలుగా మొలవడం విత్తనాన్ని బట్టి.

ఆ జవాబు నాకు చెల్లదు. ఈ ఆటలో విత్తనాలు కూడా ఫారంలోని గళ్లే: భూమికి, చరిత్రకు, పేర్లకు, జీవులకు వేరువేరుగా. ఖాళీగా వదిలితే యంత్రమే ఏదో అంకె వేసుకుంటుంది. నేను బ్యాంకులో చేరిన తేదీ వేశాను. వానా నేనే, విత్తూ నాదే.

పోనీ చరిత్ర విత్తనం ఒక్కటే మార్చుదామా? అవే కొండలు, అదే నది ఉంటాయి. కాని ఆ పిల్లే ఉండదు. ఆమెకు మెరుగైన బతుకివ్వడం నా చేతిలో లేదు. పుట్టకుండా చేయడం ఒక్కటే ఉంది. దాన్ని దయ అనాలంటే నోరు రావడం లేదు.

"అవి అంకెలు మామయ్యా, వాటికి నొప్పేమిటి?" అన్నాడు మేనల్లుడు ఫోనులో. నిజమే, ఒప్పుకుంటాను. కాని నేను కోరింది అంకెల్ని కాదు. ఎవరిదో ఒకరి దుఃఖం చదువుకోవాలని కోరాను.

మొన్న ఆదివారం అన్నీ 'తక్కువ' పెట్టి ఇంకో లోకం చేశాను. పెద్దగా ఎవరికీ ఏమీ కాలేదు. నాలుగైదు ఖాతాలు చదివేసరికి ఆవులింత వచ్చింది. పాత లోకాన్ని ఇంకా చెరపలేదు.