నిషాదస్థపతి న్యాయం: ముందే నేర్చిన చదువుకు ప్రవేశం ఎవరిస్తారు?

చదువులో చేరేందుకు పెట్టిన ప్రతి నియమం వెనుకా, జ్ఞానం ఎక్కడ పుడుతుంది, అది పుట్టిందని ఎవరు తేల్చాలి అనే తాత్త్విక ప్రశ్న ఒకటి దాగి ఉంటుంది. మొదటి సంవత్సరం పాఠాలు వినకుండా నేరుగా రెండో సంవత్సరంలో చేరడాన్ని కళాశాలల్లో లేటరల్ ఎంట్రీ అంటారు. డిప్లొమా పూర్తి చేసినవారు ఈసెట్ రాసి ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో చేరే పద్ధతిగా ఇది తెలుగువారికి చిరపరిచితమే. 2020 నాటి జాతీయ విద్యా విధానం డిగ్రీ చదువులోకి రావడానికీ మధ్యలో వెళ్లడానికీ అనేక ద్వారాలు తెరిచింది. విద్యార్థి సంపాదించిన క్రెడిట్లను ఖాతాలో జమచేసే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలను యూజీసీ 2021లో తెచ్చింది. 2023లో వెలువడిన జాతీయ క్రెడిట్ చట్రం ఏడాదికి 1200 గంటల అభ్యాసాన్ని 40 క్రెడిట్లుగా లెక్కగట్టి, తరగతి చదువుతో పాటు వృత్తి శిక్షణకూ పని అనుభవానికీ, మదింపులో నిలిచినంత మేరకు, ఆ లెక్కలో చోటు ఇచ్చింది. ఈ మూడింటి వల్ల మార్కెటింగ్ వంటి వాణిజ్య విద్యలో కూడా, ముందే తెలిసినదాన్ని మళ్లీ చదవనక్కర లేదని అడిగే హక్కు కనీసం సూత్రప్రాయంగా ఏర్పడింది.

ఆ హక్కుకు అసలు పరీక్ష ఆదివాసుల అడవి సీమ బస్తర్ వంటి చోట ఎదురవుతుంది. జగదల్‌పూర్‌లో 2008లో ఏర్పడి ఇప్పుడు షహీద్ మహేంద్ర కర్మ పేరుతో నడుస్తున్న విశ్వవిద్యాలయమూ, అదే ఊళ్లో కాకతీయ నామంతో ఉన్న ప్రభుత్వ కళాశాలా ఆ ప్రాంతానికి ఉన్నత విద్యా కేంద్రాలు. ఓరుగల్లు పతనం తరువాత ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఇక్కడికి వచ్చి రాజ్యం స్థాపించాడన్న సంప్రదాయం వల్ల ఆ కాకతీయ నామం నిలిచింది. అంతకు ముందే, 11వ శతాబ్దిలోనే, బార్సూర్‌లో తెలుగు శాసనం వెలిసిన నేల ఇది. అయితే ఇక్కడ కళాశాల గడప తొక్కే విద్యార్థుల్లో చాలామందికి మార్కెట్ అనేది పుస్తకంలో మొదటిసారి ఎదురయ్యే మాట కాదు. తల్లి బుట్ట వెంట వారం వారం సంతకు నడిచిన పిల్ల, వస్తువు, ధర, స్థలం, ప్రచారం అని 1960లో జెరోమ్ మెకార్తీ కూర్చిన నాలుగంశాల సూత్రాన్ని చదివేనాటికి, వాటిలో మొదటి మూడింటితో పదేళ్లు బతికి ఉంటుంది. ఆమె మొదటి సంవత్సరాన్ని దాటి చేరాలని కోరితే, ఆమెకు ఆ అధికారం ఉన్నదా?

'అధికారం' అన్న మాటను ఇక్కడ తెలిసే వాడవలసి ఉంది. నేడు పెత్తనం అన్న అర్థంలో స్థిరపడిన ఈ పదానికి మీమాంసా శాస్త్రంలో, అంటే వేదవాక్యాల అర్థాన్ని నిర్ణయించే విచార శాస్త్రంలో, ఒక కర్మను చేసి దాని ఫలాన్ని పొందేందుకు ఉన్న అర్హత అని అర్థం. జైమిని సూత్రాల్లో ఆరవ అధ్యాయమంతా ఈ విచారణకే కేటాయించబడింది. ఫలం కావాలన్న కోరిక, చేయగల సామర్థ్యం, కావలసిన విద్య, శాస్త్రం వద్దనకపోవడం అనే నాలుగు ఉన్నవాడు అధికారి అని మీమాంసకులు తేల్చారు. వీటిలో మొదటి రెండూ మనిషిలో ఉన్నవి, మూడవది గురువు దగ్గర దొరికేది, నాలుగవది వ్యవస్థ చేతిలో ఉన్నది. బాదరి అనే ఆచార్యుడు కోరిక ఉన్నవారందరికీ యజ్ఞాధికారం ఉన్నదని వాదించినట్టు ఆ అధ్యాయమే చెబుతుంది. జైమిని ఆ మతాన్ని అంగీకరించలేదు. ఆ తిరస్కారం ఎన్ని తరాల ముఖాన తలుపు వేసిందో తలచుకుంటే, బాదరి మాట నెగ్గి ఉండవలసిందన్న బాధ కలగక మానదు.

అయినా అదే అధ్యాయంలో, అదే కట్టుదిట్టాల మధ్య, ఒక చిన్న కిటికీ తెరుచుకుంది. రుద్రునికి చేసే ఒక ఇష్టిని, అంటే చిన్న యజ్ఞాన్ని, 'నిషాదస్థపతి' చేత చేయించాలని ఒక విధి, అంటే వేదపు ఆదేశం, ఉంది. స్థపతి అంటే పెద్ద, నాయకుడు. నిషాదులంటే త్రైవర్ణికుల, అంటే వేదాధికారం ఉన్న మూడు వర్ణాలవారి, వెలుపల వేటతో బతికే జనం. ఈ సమాసాన్ని 'నిషాదులకు స్థపతి' అని విడదీస్తే, నిషాదులపై పెత్తనం చేసే ఏ క్షత్రియుడో ఆ యజ్ఞం చేసుకోవచ్చు, పాత కట్టుబాటుకు ఏ ఇబ్బందీ రాదు. 'నిషాదుడే అయిన స్థపతి' అని విడదీస్తే మాత్రం వేదం చదవనివాడు, అగ్నిని ప్రతిష్ఠించనివాడు యజమాని అవుతాడు. మీమాంసకులు రెండవదాన్నే స్వీకరించారు. మొదటి విగ్రహంలో, అంటే విడదీతలో, 'నిషాద' శబ్దానికి నేరుగా లేని షష్ఠీ సంబంధాన్ని లక్షణతో, అంటే గౌణార్థంతో, తెచ్చిపెట్టుకోవాలి. రెండవదానిలో శబ్దం తన సొంత అర్థంలోనే నిలుస్తుంది. కాబట్టి సామాజిక సౌకర్యం కోసం మాట అర్థాన్ని వంచరాదని వారు నిర్ణయించారు. దయతోనో సంస్కరణ బుద్ధితోనో ఇచ్చిన తీర్పు కాదు ఇది, వ్యాకరణం పట్ల నిజాయతీతో ఇచ్చినది. అందువల్లనే దీని బలం ఎక్కువ.

తరువాత వచ్చిన చిక్కులను వారు విప్పిన తీరు ఇంకా విలువైనది. వేదాధ్యయనం లేనివాడికి విద్య ఎక్కడిది అన్న ప్రశ్నకు, విధి అతణ్ణి పిలిచింది గనుక ఆ కర్మకు కావలసినంత విద్యను నేర్చుకునే అనుమతి కూడా ఆ పిలుపులోనే ఉన్నదని సమాధానం. యజ్ఞానికి ముందు చేయవలసిన ఆధానం, అంటే శాస్త్రోక్తంగా అగ్నిని ప్రతిష్ఠించుకునే మొదటి మెట్టు, అతనికి లేదు కదా అన్న ప్రశ్నకు, అతడు లౌకికాగ్నిలో, అంటే మామూలుగా వంటకు రాజేసుకునే నిప్పులోనే, ఆ ఇష్టి చేయవచ్చని సమాధానం. మొదటి మెట్టు ఎక్కకుండా పై మెట్టుకు ప్రవేశమన్నది ఇంతకన్న స్పష్టంగా ఏ ప్రాచీన శాస్త్రంలోనూ చర్చకు వచ్చి ఉండదు. బస్తర్ తెగలైన మురియాలూ మారియాలూ హల్బాలూ ఆ నిషాదుల వారసులని చెప్పడానికి ఆధారం లేదు, చెప్పనక్కరా లేదు. పోలిక ఉన్నదల్లా గుమ్మం దగ్గర నిలబడిన స్థితిలోనూ, ఇంటి పొయ్యి నిప్పు యజ్ఞాగ్నిగా చెల్లుతుందా అన్న సందేహంలోనూ.

ఆ ఇంటి నిప్పు ఎలాంటిదో దగ్గరగా చూడాలి. జగదల్‌పూర్ ఆదివారపు సంతలో ఎండిన ఇప్పపువ్వు కుప్పల ముందు కూర్చున్న స్త్రీ, కొనేవాడు అడగకముందే గుప్పెడు పువ్వు పిడికిట్లో బిగించి, చెయ్యి తెరుస్తుంది. పువ్వులు విడివిడిగా జారితే ఎండినట్టు, ముద్దగా అంటుకుంటే తేమ మిగిలినట్టు. తెల్లవారకముందు రాలే ఆ పువ్వును పశువులు తినకముందే ఏరడం, ఎండబెట్టడం, వేసవిలో అందరూ అమ్మేటప్పుడు దాచి వానల్లో ధర ఎక్కినప్పుడు తీయడం ఆమెకు ఎవరూ పాఠంగా చెప్పలేదు. గింజ తీసిన చింతపండును అక్కడ ఫూల్ ఇమ్లీ అంటారు. గింజతో ఉన్నదానికీ దానికీ ధరలో తేడా ఎంత ఉంటే ఒలిచే కూలి గిట్టుతుందో ఆమె వేళ్లకు తెలుసు. కోచియా అని పిలిచే చిల్లర దళారి కాటాతో వచ్చేసరికి ఆమె పైలీతో, అంటే కొలపాత్రతో, ముందే కొలిచి ఉంచుకుంటుంది, ఎందుకంటే తూకంలో జరిగే మోసం కొలతలో కంటికి కనబడుతుంది. ఆకుదొన్నెల్లో ఎర్రచీమలు అమ్మే పిల్లలు ఒకే వరుసలో కూర్చున్నా, ఏ దొన్నె ముందు అమ్ముడవుతుందో దాని తాజాదనమే చెబుతుంది. వస్తువును మేలురకం, నాసిరకం అని వేరుచేయడం, అదను చూసి ధర అడగడం, ఏ రోజు ఏ ఊరి సంతకు పోవాలో నిర్ణయించుకోవడం — మొదటి సంవత్సరపు పాఠ్యప్రణాళికలో చాలా భాగం ఇదే.

అయినా ఈ వాదాన్ని ఇక్కడే ఆపితే అది అన్యాయమవుతుంది. ఒకప్పుడు ఇదే అడవుల్లో సారపప్పును ఉప్పుకు సమానపు కొలతకు మార్చుకునేవారు. అంత విలువైన పప్పు ఇచ్చి అంతే ఉప్పు తీసుకున్నవారు తెలివితక్కువవారు కారు, పొరుగు సంత దాకా ఉన్న విలువలన్నీ వారికి క్షుణ్ణంగా తెలుసు, కానీ ఆ పప్పు దూరపు నగరంలో ఏ ధరకు పోతుందో చెప్పే దారి వారికి లేదు. సంత నేర్పిన విద్యకు సంత ఎల్లే ఎల్ల. 2018 ఏప్రిల్ 14న బస్తర్ సీమలోని బీజాపూర్‌లో దేశంలోనే మొదటి వన్ ధన్ వికాస కేంద్రాన్ని ప్రధానమంత్రి ప్రారంభించినప్పుడు, అడవి సరుకును ఏరినవారే శుద్ధి చేసి విలువ పెంచి అమ్ముకోవాలన్న ఉద్దేశానికి వెనుక ఉన్నది ఈ లోటే. బస్తర్ చింతపండు దక్షిణాది పులుసుల్లోకి చేరే దారి పొడవునా ధర ఎక్కడెక్కడ ఎంత పెరుగుతుందో, గోదాము, రవాణా, అప్పు అనే మూడు చేతులు ఆ పెరుగుదలను ఎలా పంచుకుంటాయో నేర్పవలసింది కళాశాలే. అందువల్ల 'నాకు అంతా తెలుసు' అన్న దరఖాస్తు కూడా, 'నీకు ఏమీ తెలియదు' అన్న తిరస్కారం లాగే, సత్యానికి దూరం.

ఈ రెండింటి నడుమ దారి ఎక్కడుందన్నది వేదాంతంలో ఒక్క మాట చుట్టూ నడిచిన పెద్ద చర్చ. బ్రహ్మసూత్రాలు 'అథ', అంటే 'తరువాత', అన్న మాటతో మొదలవుతాయి. బ్రహ్మవిచారం దేని తరువాత? కర్మవిచారం తరువాతనే, ఎందుకంటే రెండూ కలిసి ఒకే శాస్త్రం, మొదటి భాగం చదవనివాడు రెండవదానికి రాలేడని శ్రీభాష్యంలో రామానుజులు నిర్ణయించారు. శంకరులు దీన్ని అంగీకరించలేదు: నిత్యమేదో అనిత్యమేదో తెలిసిన వివేకం, ఇహపర భోగాలపై విరక్తి, శమదమాది నిగ్రహ గుణాలు, మోక్షం కావాలన్న తపన అనే సాధన చతుష్టయం ఉన్నవాడు కర్మవిచారం చేయకపోయినా బ్రహ్మవిచారానికి అర్హుడే. అంటే పూర్వార్హతను చదివిన గ్రంథంతో కాక, మనిషిలో వచ్చిన పరిపాకంతో కొలవాలని ఆయన మతం. ఆశ్రమధర్మాల్లో ఏ ఒక్కదానిలోనూ నిలవక నడుమ ఉన్నవారికి కూడా విద్యాధికారం ఉన్నదని చెప్పే సూత్రానికి ఆయన రైక్వుణ్ణి, వాచక్నవిని, అంటే గార్గిని, ఉదాహరణగా చూపారు.

అయితే ఇంత విశాలంగా తలుపు తీసిన శంకరులే, శూద్రుల అర్హతను చర్చించే అపశూద్రాధికరణంలో, శూద్రులకు వేదం ద్వారా విద్యాధికారం లేదన్నారు. అక్కడ కూడా మహాభారతంలోని విదురుడూ ధర్మవ్యాధుడూ అడ్డు వచ్చారు. పూర్వసంస్కారం వల్ల జ్ఞానం పుట్టినవారికి ఆ ఫలాన్ని ఎవరూ ఆపలేరని ఆయన ఒప్పుకున్నారు. మాంసం అమ్మే ధర్మవ్యాధుడికి జ్ఞానం ఉన్నదని ఒప్పుకుని, అతనిలాంటివాడు నేర్చుకోవడానికి వస్తే వద్దనడంలోని వైరుధ్యాన్ని ఆ భాష్యకారుని పట్ల ఉన్న గౌరవంతోనే గుర్తించాలి. జ్ఞానాన్ని పొగడి జ్ఞానిని బయట నిలబెట్టే అలవాటు నేటికీ పోలేదు: ఆదివాసుల అటవీ జ్ఞానాన్ని సదస్సుల్లో మెచ్చుకునే వ్యవస్థలోనే, 'ఇంతకుముందు చదివిన సంస్థ' అన్న గడి ఖాళీగా ఉన్న దరఖాస్తు పక్కకు పోతుంది.

అదే మహాభారతపు శాంతిపర్వంలో జాజలి అనే తపస్వి, తన జడల్లో పక్షులు గూడు కట్టి పిల్లలు చేసినా కదలనంత నిష్ఠ సాధించి కూడా, కాశీలోని తులాధారుడనే వ్యాపారి దగ్గరకు ధర్మం నేర్చుకోవడానికి పోవలసి వచ్చింది. లక్క, గంధద్రవ్యాల వంటి సరుకులు అమ్ముకునే ఆ వ్యాపారి, తన తక్కెడ ఎవరి వైపూ ఒరగకపోవడమే తన ధర్మమని చెప్పాడు. మార్కెటింగును కొనేవాడి మనసును లొంగదీసే నేర్పుగా మాత్రమే బోధించే చోట, ఈ తక్కెడ పాఠాన్ని బయటినుంచి తెచ్చే విద్యార్థి కొంత నేర్పనూ గలదు. పైలీ నింపాక పైన ఇంకో గుప్పెడు జారవిడిచే చెయ్యి అందుకు సాక్ష్యం.

ఆ సాక్ష్యాన్ని ఎలా తీసుకోవాలన్నది మదింపు చేసేవారి విజ్ఞత. సంతలో పెరిగిన ఆ పిల్ల గోండీలోనో హల్బీలోనో చెప్పగలిగినదాన్ని హిందీ ప్రశ్నపత్రంతో కొలిస్తే తేలేది భాషే గాని విద్య కాదు. ఎదుట రెండు రకాల చింతపండు పెట్టి, రెండింటికీ ధర కట్టమని, కట్టిన ధరకు కారణం చెప్పమని అడిగే పరీక్ష ఒక గంటలో ముగుస్తుంది. కాని ఆ గంట కూర్చునే ఓపిక అధ్యాపకుడికి ఉండాలి, ఆమె జవాబును అర్థం చేసుకునేంత సంత అతనికీ తెలిసి ఉండాలి.

ఛాందోగ్యోపనిషత్తులోని హారిద్రుమత గౌతముడికి ఆ ఓపిక ఉండేది. తన గోత్రం ఏదో తెలియదని నిజం చెప్పిన సత్యకాముణ్ణి ఆయన శిష్యుడిగా తీసుకుని, చిక్కిపోయిన నాలుగు వందల ఆవులను అప్పగించి పంపాడు. మంద వెయ్యి అయ్యేదాకా అడవిలోనే ఉన్న ఆ కుర్రవాడికి ఎద్దు, అగ్ని, హంస, ఒక నీటిపక్షి బ్రహ్మవిద్యలో తలా ఒక పాదం చెప్పాయి. తిరిగి వచ్చినప్పుడు గురువు అతని ముఖం చూసి, తెలిసినవాడిలా వెలుగుతున్నావు, నీకు ఎవరు చెప్పారని అడిగాడు. మనుషులు కానివారు చెప్పారని శిష్యుడు దాచకుండా చెప్పి, అయినా ఆచార్యుని నోట విన్న విద్యే స్థిరపడుతుందని విన్నాను గనుక మీరే చెప్పాలని అడిగాడు. అడవి చెప్పినది చెల్లదని గౌతముడు అనలేదు, తెలుసు కదా ఇక నా అవసరమేమని పంపివేయనూ లేదు. అదే విద్యను తానూ చెప్పాడు. అందులో ఏదీ తగ్గలేదన్న మాటను ఉపనిషత్తు రెండుసార్లు పలుకుతుంది.