తాళంచెవి ఎవరి చేతిలో?

ఉపకారం చేసినవాని బలం నానాటికీ పెరుగుతున్నప్పుడు మన మనస్సులో మెదలే శంక కృతఘ్నత అనిపించుకుంటుందా? గూగుల్ సంస్థను తలచుకున్నప్పుడల్లా ఈ ప్రశ్న ఎదురవుతుంది. దీనిని ఆలోచించడానికి సూరత్‌ను మించిన నగరం అరుదు.

తెలంగాణ నుండి వలస వెళ్ళిన పద్మశాలీలు అక్కడి ఉధ్నా, లింబాయత్ ప్రాంతాలలో మరమగ్గాలను నమ్ముకొని తరాలుగా స్థిరపడ్డారు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడిపింది. అయినా కార్యాలయం నుండి వచ్చే కాగితం గుజరాతీలోనే ఉంటుంది. దానిని చదివించుకోవడానికి ఎవరో ఒకరి గడప ఎక్కవలసి వచ్చేది. 2011లో గూగుల్ అనువాద సేవలో తెలుగు, గుజరాతీ ఒకే విడతలో చేరాయి. నేడు ఆ కాగితాన్ని ఫోనుకు చూపితే, తప్పులతోనైనా, సారాంశం తెలుగులో తెలుస్తుంది. రుసుము లేదు, బతిమాలుకోవడం లేదు. పరాయి ఊరిలో అక్షరం కోసం చేయి చాచనవసరం లేకపోవడం ఎంతటి గౌరవమో వలస వెళ్ళినవారికే తెలుస్తుంది. ఈ మేలును తక్కువచేసే విమర్శ నాకు రుచించదు.

మరి శంక ఎందుకు? ఆండ్రాయిడ్ రంగంలో తన ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేసిందని భారత పోటీ కమిషన్ 2022 అక్టోబరులో ఈ సంస్థకు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ప్లేస్టోర్ కావాలనుకున్న ఫోన్ల తయారీదారులు గూగుల్ ఇతర యాప్‌లను కూడా ముందుగానే అమర్చవలసి రావడం ఆ ఆక్షేపణలలో ముఖ్యమైనది. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాను సమర్థించింది. వెతుకులాట రంగంలో గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా నిలుపుకొన్నదని అమెరికా న్యాయస్థానం 2024 ఆగస్టులో తీర్పు చెప్పింది. మేలైన సేవ తనంతట తానే గెలవగలిగితే, వాకిట తానే ముందు నిలబడడానికి 2021లో 2,630 కోట్ల డాలర్లు ఇతరులకు చెల్లించడం ఎందుకు?

సూరత్‌కు ఇటువంటి అతిథి కొత్త కాదు. 1613లో జహంగీరు ఫర్మానాతో ఆంగ్లేయుల కంపెనీ అక్కడ వర్తక స్థావరం ఏర్పరచుకుంది. నాటి శ్రేష్ఠి వీర్జీ వోరా ఆ కంపెనీకే అప్పులిచ్చేవాడు. (మిరియాల బేరాన్ని గుప్పిట పట్టడంలో ఆయనా తక్కువవాడు కాడు, పోటీని మనసారా కోరే వర్తకుడు ఏ కాలంలోనూ అరుదే.) అప్పు అడిగిన ఆ కంపెనీయే 1759లో కోటను, 1800లో నగర పాలనను చేజిక్కించుకుంది. గూగుల్ వద్ద ఫిరంగులు లేవు కనుక పోలికను ఇంతకన్న సాగదీయడం న్యాయం కాదు. కాని అవసరం ముదిరి ఆధారపడటంగా మారే తీరు మాత్రం ఒకటే.

ఇక కృతజ్ఞత మాట. ఆ అనువాదయంత్రం నేర్చిన తెలుగు ఎవరిది? మనవారు రాసిన పుటలు, 2014 తరువాత స్వచ్ఛందంగా దిద్దిపెట్టిన వాక్యాలు అందులో ఉన్నాయి. ఋణం రెండు వైపులా ఉన్నచోట ఒకరే తలవంచుకొని మౌనం వహించాలనడం ధర్మం కాదు. మేలు పొందినవాడికి లెక్క అడిగే హక్కు పోదు.

2022లో కేంద్ర ప్రభుత్వం భాషిణి అనువాద వేదికను ప్రారంభించింది. అందులోనూ తెలుగు, గుజరాతీ ఉన్నాయి. అయితే ఉధ్నా కార్మికుడు దానిని వెతికి తెచ్చుకోవాలి. వెతకడానికి అతడు తెరిచేది మళ్ళీ గూగుల్‌నే.