పనికిరాని పత్తి

పనికిరాని మొక్కను మీ పెరట్లో పెంచుతారా? హవాయి దీవుల్లో తప్ప మరెక్కడా సహజంగా పెరగని పత్తి పొద 'మావో'. పసుపు పూలు, వెండి నూగు ఆకులు. ఎండిన సముద్రతీరం దాని పుట్టిల్లు. తోటలో ప్రేమకొద్దీ నీళ్లు ఎక్కువ పోస్తే వేరు కుళ్లుతుంది. దాని ఎర్రగోధుమ రంగు దూది మరీ పొట్టిది, నూలు వడకడానికి రాదు. అలాగని పీకేయవచ్చా?

దాని ఆకుల్లో తేనెగ్రంథులు లేవు. పురుగుల బెడద తగ్గించడానికి శాస్త్రజ్ఞులు ఆ గుణాన్నే సాగుపత్తిలోకి తెచ్చారు. మరి, ఆ సంగతి తెలియకముందు మావోకు విలువ లేదా? ఉంది. ఉపయోగం మనం వేసే లెక్క. విలువ దాని ఉనికిలోనే ఉంది.

మన ఇంట్లో మంచం పట్టిన అవ్వను ఏ లెక్కన చూస్తున్నాం? ఈ రాత్రి భోజనానికి ముందు ఆమె పక్కన కాసేపు కూర్చోండి.