రిస్పా పరచిన గోనెపట్ట

ధ్యాన భాగము: 2 సమూయేలు 21:1–14



యుద్ధము వచ్చినప్పుడు చదువుకొను పిల్లలు తరగతులు విడిచి బయటికి వచ్చి, యుద్ధము వద్దని చెప్పుట లోకములో అనేక పర్యాయములు జరిగినది. 2003వ సంవత్సరము మార్చి 5వ తేదీన, ఇరాకుమీద యుద్ధము ఆరంభము కాకమునుపే, అమెరికా దేశమందు వేలకొలది విద్యార్థులు ఆలాగు చేసిరి. అట్టి వార్త విన్నప్పుడెల్ల పెద్దలమైన మన నోట మొదట వచ్చు మాట ఒక్కటే: “చదువుకొను పిల్లలకు ఈ సంగతులెందుకు?” ఈ నెల ఆ ప్రశ్నను వాక్యపు వెలుగులో పెట్టి చూతము.

దావీదు దినములలో మూడేండ్లు కరవు కలిగెను. సౌలు గిబియోనీయులను చంపించిన పాపము దేశముమీద నిలిచి యుండెను. దానికి ప్రతిగా గిబియోనీయులు సౌలు సంతతిలో ఏడుగురిని అడుగగా రాజు అప్పగించెను. యవలకోత ఆరంభములో ఆ ఏడుగురును కొండమీద ఉరితీయబడిరి. వారిలో ఇద్దరు రిస్పా కన్న కుమారులు. తక్కిన ఐదుగురు ఆమె కన్నవారు కారు.

రిస్పా ఒక్క మాటయైనను పలికినట్లు వాక్యములో లేదు. గోనెపట్ట తెచ్చి బండమీద పరచుకొని కూర్చుండెను. పగలు పక్షులను, రాత్రి అడవిమృగములను తోలుచు, వాన కురియువరకు ఆ శవములను విడువలేదు. కోతకాలములో కళ్లముయొద్ద కాపలా పండుకొనుట మనకు తెలియును. మనము ధాన్యమునకు కాపలా కాయుదుము. ఆమె శవములకు కాపలా కాసెను. తన ఇద్దరిని మాత్రమే కాచి, పరాయి బిడ్డలైన ఐదుగురిని విడిచిపెట్టెనని వ్రాయబడలేదు. దుఃఖించునప్పుడు ఆమె నావారు, పైవారు అని లెక్కపెట్టలేదు.

ఆ సంగతి రాజు చెవినిబడెను. అప్పుడతడు లేచి, యాబేష్గిలాదులోనుండి సౌలు ఎముకలను, యోనాతాను ఎముకలను తెప్పించి, ఉరితీయబడినవారి ఎముకలనుకూడ సమకూర్చి, మర్యాదగా పాతిపెట్టించెను. దేశముకొరకైన మనవిని దేవుడు అంగీకరించినది ఎప్పుడో 14వ వచనములో చూడుడి. ఏడుగురు చచ్చినప్పుడని అక్కడ లేదు. ఎముకలు సమాధికి చేరిన తరువాతనే ఆ మాట వ్రాయబడినది.

ఇట్టి గోనెపట్టయే 1965వ సంవత్సరము డిసెంబరులో అమెరికాలోని ఐయోవా రాష్ట్రమందు, డెమోయిన్ పట్టణములో కనబడినది. అప్పుడు వియత్నాములో యుద్ధము జరుగుచుండెను. ఇరుపక్షములలో చనిపోయినవారికొరకు దుఃఖించుచు, క్రిస్మసు కాలములో పోరు నిలుపవలెనని కోరుచు, కొందరు పిల్లలు చేతికి నల్లగుడ్డ పట్టీ కట్టుకొని బడికి వెళ్ల నిశ్చయించుకొనిరి. వారిలో మేరీ బెత్ టింకర్‌కు 13 ఏండ్లు, ఆమె అన్న జాన్‌కు 15, క్రిస్టఫర్ ఎకార్ట్‌కు 16. టింకర్ పిల్లల తండ్రి మెథడిస్టు బోధకుడు. పట్టీ కట్టుకొనరాదని ప్రధానోపాధ్యాయులు ముందుగానే కట్టడ చేసిరి. ఆ కట్టడను మీరుట తండ్రికి మొదట ఇష్టము లేకపోయెను; మనస్సాక్షి ప్రకారము నడువుడని నేర్పినవాడు తానే గనుక చివరకు ఒప్పుకొనెను.

ఆ పిల్లలు కేకలు వేయలేదు, తరగతి చెడగొట్టలేదు. తామే బయటికి నడిచిపోలేదు, బయటికి పంపబడిరి. ఐదుగురిని సస్పెండు చేసిరి. మేరీ బెత్ కార్యాలయములో భయపడి పట్టీ తీసి ఇచ్చెను. అయినను శిక్ష తప్పలేదు. పిల్లవాండ్ర ధైర్యము ఉక్కుతో చేసినది కాదు, వణకుచునే నిలుచును. టింకర్ వారి ఇంటిమీద ఎవరో ఎఱ్ఱరంగు చల్లిరి. వ్యాజ్యెము సుప్రీంకోర్టువరకు వెళ్లగా, 1969 ఫిబ్రవరి 24న ఏడుగురు న్యాయాధిపతులు పిల్లల పక్షమునను, ఇద్దరు వారికి వ్యతిరేకముగాను తీర్పు చెప్పిరి. బడి గుమ్మము దాటినంతమాత్రమున బిడ్డ తన మాట స్వాతంత్ర్యమును పోగొట్టుకొనడనియు, అయితే చదువునకు భంగము కలిగించిన యెడల బడి దానిని ఆపవచ్చుననియు ఆ తీర్పు సారాంశము. మేరీ బెత్ పెరిగి పెద్దదై, రోగులైన పిల్లలకు సేవచేయు నర్సు ఆయెను.

మరియొక దృష్టాంతముకూడ దాచకుండ చెప్పవలెను. 1970 మే నెలలో ఒహాయో రాష్ట్రములోని కెంట్ విశ్వవిద్యాలయములో విద్యార్థులు యుద్ధమును నిరసించుచుండగా, 2వ తేదీ రాత్రి సైనిక శిక్షణ భవనమొకటి తగులబడెను. 4వ తేదీన సైనికులు కాల్పులు జరుపగా నలుగురు విద్యార్థులు చనిపోయిరి, తొమ్మిదిమంది గాయపడిరి. చనిపోయినవారిలో ఇద్దరు నిరసనలో పాల్గొనక, తరగతికి పోవుచున్నవారే. దాని తరువాత ఆ దేశమంతట వందలకొలది కళాశాలలలో విద్యార్థులు తరగతులు విడిచి బయటికి వచ్చిరి. నిప్పు పెట్టిన చేయి శాంతికి సాక్ష్యమియ్యదు. ఆయుధములేని బిడ్డమీద కాల్చిన తుపాకి న్యాయమునకు సాక్ష్యమియ్యదు.

కాబట్టి బిడ్డలారా, మీకొక మాట. యుద్ధము వద్దని చెప్పుటకు బయటికి రాకముందు, మీరు ఎవరికొరకు దుఃఖించుచున్నారో మీ హృదయములను అడుగుడి. శత్రువని పిలువబడినవాని తల్లి ఏడ్పుకూడ మీ చెవికి వినబడుచున్నదా? మన సంఘములలోనుండి సైన్యమునకు వెళ్లిన అన్నలను అవమానపరచకుండ ఆ మాట చెప్పగలరా? దాని వెల మీరే చెల్లించి, ఇతరుల నెత్తిమీద మోపకుండ నిలువగలరా? ఆలాగైన యెడల మీ పట్టీ గోనెపట్టయే. లేనియెడల అది తరగతి తప్పించుకొను సాకు మాత్రమే.

పెద్దలమైన మనకును ఒక మాట. దేవాలయములో చిన్నపిల్లలు కేకలు వేయగా కోపపడినవారు ప్రధానయాజకులు. పిల్లల పక్షమున మాటలాడినవాడు మన ప్రభువు (మత్తయి 21:15, 16). పిల్లలకు ఈ సంగతులెందుకని అడుగకముందు, ఆ సంగతులను గూర్చి మనమెందుకు మౌనముగా నున్నామని అడుగుకొనవలెను. యుద్ధకాలములో మన ఆరాధనలలో ఎవరి పేరట ప్రార్థన చేసితిమి? మన సైనికులకొరకు చేసితిమి, అది చేయదగినదే. అవతలి ఊరిలో ఇల్లు కూలి చచ్చిన తల్లీబిడ్డలను ఎన్నిసార్లు జ్ఞాపకము చేసితిమి? ఈ లోపములో మేమును పాలివారమేనని ఒప్పుకొనుచున్నాము. రిస్పా ఏడుగురిని కాచెను. మనము మన ఇద్దరినే కాచుచున్నాము.

ఈ నెలలో ప్రతి ఆదివారము సంఘ ప్రార్థనయందు, లోకములో ఎక్కడ యుద్ధము జరుగుచున్నను ఇరుపక్షముల మృతుల కుటుంబములను జ్ఞాపకము చేయుదము. ఆ ప్రార్థన చేయుటకు పిల్లలలో ఒకరిని ముందుకు పిలుచుదము. వారు తడబడినను పరవాలేదు.

ప్రార్థన: మా తండ్రీ, నీ కుమారుని శవమును సమాధికి చేర్చువరకు కనిపెట్టియున్న స్త్రీల హృదయమును మాకును దయచేయుము. మా బిడ్డలకు ధైర్యముతోకూడ సాత్వికమును, మాకు వినయముతోకూడ వినగల చెవిని అనుగ్రహించుము. యుద్ధములను మాన్పుము. సమాధాన కర్తయగు యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.