సాన పట్టువానికి సాన

ఇతరుల తప్పులను దిద్ద బూనినవానికి తన దిద్దుబాటు అవసరమా? తండ్రి బిడ్డను, గురువు శిష్యుని సరిచేయును. సరిచేయువాడు మాత్రము మార్పులేని కొలబద్దవలె నిలిచియుండునని లోకము తలచును. ఈ తలపు ఎంతవఱకు సత్యమో సాన పట్టు పనివారి కర్మశాలలో చూడవచ్చును.

తపతీతీరమందలి సూరత్ నగరము వజ్రములకు సాన పట్టుటలో లోకప్రసిద్ధము. తిరుగుచున్న ఇనుప చక్రముపై నూనెతో కలిపిన వజ్రపు పొడిని పూసి, దానిపై వజ్రమును ఆనించి మెఱుగు పెట్టుదురు. వజ్రము అన్ని దిక్కుల ఒకే విధముగా అరగదు. అరుగు దిక్కు నెఱుగక ఎంత అదిమినను ఫలము లేదు. మఱియు వజ్రమును దిద్దుచు దిద్దుచు చక్రమే గాడులు పడును. అప్పుడు పని నాపి చక్రమును మరల చదును చేయవలెను. గాడిపడిన చక్రము వజ్రమునకు గీతల నిచ్చును గాని కాంతి నీయదు.

దూరదర్శిని యద్దమునకు మెఱుగు పెట్టుట యింకను సున్నితమైన పని. దాని ఉపరితలమున దోషము వెండ్రుక మందములో సుమారు వేయవ వంతును మించినచో నక్షత్రబింబపు స్పష్టత చెడును. ఇందులకు వాడు సానబిళ్లపై తారువంటి కీలును పోయుదురు. అది ఒత్తిడికి మెల్లగా లొంగి అద్దపు వంపును తాను పొందును. పని సాగినకొలది ఆ బిళ్లను మరల మరల అద్దముపై అదిమి, దాని రూపమును సరిచేసికొనవలెను. రుద్దుటచే పుట్టిన వేడిమి చల్లారువఱకు అద్దమును పరీక్షింపరాదు; వేడిలో కనబడిన వంపు నిజమైన వంపు కాదు.

సాధనమును సరిచూడకున్న నేమగునో 1990లో హబుల్ దూరదర్శిని తెలిపినది. దాని అద్దము అత్యంత నునుపైనది. కాని ఆకృతి తప్పు. అద్దమును కొలిచిన పరికరములో ఒక కటకము సుమారు 1.3 మిల్లీమీటర్లు స్థానము తప్పియుండెను. ఇతర పరీక్షలు దోషమును సూచించినను, అవి అంత సూక్ష్మమైనవి కావని త్రోసివేయబడినవి. పనివారి శ్రద్ధ యంతయు ఆ యద్దమును తప్పు రూపమునకే చేర్చినది. పిదప ఆ తప్పు ఇంతయని నిక్కముగా తేలినందుననే 1993 డిసెంబరులో వ్యోమగాములు దానిని సవరించు సాధనముల నమర్పగలిగిరి.

దిద్దువాడును మాఱవలసినచో ఇక కొలబద్ద యేది యని ఆక్షేపింపవచ్చును. చక్రమును చదును చేయుట వజ్రము నిష్టమును బట్టి కాదు. బిళ్లను అదుముట పనివాని సౌకర్యము కొఱకు కాదు. కొలబద్ద సత్యము. దిద్దువాడును, దిద్దబడువాడును దానికి సమానముగా లోబడినవారే. తండ్రి గాని గురువు గాని తానే కొలబద్దనని తలచిననాడు అతని శ్రద్ధయే హానికారణ మగును. కనుక కోపపు వేడిలో తీర్పు చెప్పరాదు. అలవాటుచే మనస్సున పడిన గాడులను ముందుగా చదును చేసికొనవలెను. చిన్నవాడు తన దోషమును చూపినప్పుడు, చూపినవాడు చిన్నవాడని త్రోసివేయక, చూపిన దోష మున్నదా లేదా యని మాత్రమే చూచుకొనవలెను.